కార్డుల చిట్టా: నోటుబుక్కా, గూగుల్ షీటా, స్కాన్ చేసే యాపా?

పోకెమాన్, మ్యాజిక్ (మ్యాజిక్: ద గ్యాదరింగ్), యు-గి-ఓ వంటి ఆటల కార్డులు, క్రికెట్ కార్డులు పోగుచేసేవారిని రెండు ప్రశ్నలు అడిగితే తమ సేకరణ మీద వారికి ఎంత పట్టు ఉన్నదీ తెలిసిపోతుంది. మీ దగ్గర ఏయే కార్డులు ఉన్నాయన్నది మొదటి ప్రశ్న, అవి ఎంత చేస్తాయన్నది రెండవది. హైదరాబాదులో నాకు తెలిసిన సేకరణదారులలో చాలామంది రెండో ప్రశ్నకు ఠక్కున జవాబు చెబుతారు, మొదటిదానికి మాత్రం బైండర్లు తిరగేయడం మొదలుపెడతారు. ఫోనులోని యాప్ మొత్తం విలువను అన్నిటికంటే పైన పెద్ద అంకెలలో చూపిస్తుంది కనుక ఆ మొత్తం నోటికి వచ్చేస్తుంది. దాని కింద ఉన్న జాబితా సరైనదో కాదో ఒకసారైనా సరిచూసుకునేవారు అరుదు.

పోయిన వేసవి సెలవులకు మలక్‌పేటలోని మా ఇంటికి వచ్చిన అక్క కొడుకు తన కార్డులన్నింటినీ ఒక యాప్‌తో స్కాన్ చేసి, "మామా, నా దగ్గర లక్షా పదివేల రూపాయల కార్డులు ఉన్నాయి" అని ప్రకటించాడు. అవన్నీ బడి ఎదుటి జనరల్ స్టోరులో, షాంపూ ప్యాకెట్ల పక్కన తోరణంలా వేలాడే ఇరవై రూపాయల ప్యాకెట్లలో వచ్చిన కార్డులు. అక్షరాలు మసకగా, వెనుకవైపు నీలం రంగు వెలిసిపోయినట్టుగా ఉన్న ఆ నకిలీ కార్డుల మీది బొమ్మను యాప్ అసలు కార్డు బొమ్మతో పోల్చి, అసలు కార్డు ధరను వాటికి కట్టింది. యాప్ బొమ్మను గుర్తుపడుతుంది గానీ కాగితాన్ని పరీక్షించదు. ఆ సంగతి వాడికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నోటుబుక్కు, గూగుల్ షీటు, యాప్ అనే మూడు దారులను ఇక్కడ పోలుస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను: చిట్టా మన సొంతమై ఉండాలి, ధరను మాత్రమే బయటినుంచి అరువు తెచ్చుకోవాలి. ఈ రెండింటినీ ఒకే యాప్‌కు అప్పగించడం తేలికగా కనిపిస్తుంది, కానీ హైదరాబాదులో ఉండి డాలర్లలో, యూరోలలో అమ్ముడుపోయే వస్తువును దాచుకునేవారికి అది అంతగా పొసగదు.

ఒకే పేరు, ఒకే సెట్టు, మూడు కార్డులు

ఏ దారి ఎంచుకున్నా ముందుగా చేయవలసిన పని కార్డును సరిగ్గా గుర్తించడం. ఒకే పేరుతో ఒకసారి విడుదలయ్యే కార్డుల వరుసను సెట్టు అంటారు. 2023 సెప్టెంబరులో ఇంగ్లీషులో వెలువడిన పోకెమాన్ 151 సెట్టునే తీసుకోండి. అందులో చారిజార్డ్ ఈఎక్స్ అనే పేరుతో మూడు కార్డులు ఉన్నాయి. కార్డు కింది అంచున ఉండే సంఖ్యను బట్టి మామూలుది 6/165, నిండు బొమ్మతో వచ్చినది 183/165, అన్నిటికంటే అరుదైన చిత్రంతో ఉన్నది 199/165. మూడింటి పేరూ ఒకటే, సెట్టూ ఒకటే, ధరలకు మాత్రం ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. ఇదే చిత్రం జపనీస్ సెట్టులో 201/165 అన్న సంఖ్యతో ఉంటుంది, దాని ధర మళ్ళీ వేరు. "చారిజార్డ్ – 1" అని రాసుకున్న చిట్టా వల్ల ఆరు నెలల తరువాత ఎవరికీ ఉపయోగం ఉండదు.

కింది అంచున ఉన్న సంఖ్యను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. 1999లో వచ్చిన మొదటి ఇంగ్లీషు బేస్ సెట్టులోని చారిజార్డ్ సంఖ్య ఎప్పుడూ 4/102. అయినా ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉన్నది, ముద్ర లేకుండా బొమ్మ చట్రం పక్కన నీడ కూడా లేనిది, ఆ తరువాత విస్తారంగా అచ్చయిన అన్‌లిమిటెడ్ కార్డు మూడు వేర్వేరు సరుకులు. ఈ మధ్య సెట్లలో ఈ చిక్కు మరో రూపంలో వచ్చింది. జపనీస్ 151లోను, 2025 జనవరిలో వచ్చిన ప్రిజ్మాటిక్ ఎవల్యూషన్స్‌లోను ఒకే సంఖ్య గల కార్డు మామూలుగా ఒకటి, పోకేబాల్ నమూనా మెరుపుతో ఒకటి, మాస్టర్ బాల్ నమూనా మెరుపుతో ఒకటి దొరుకుతుంది. యు-గి-ఓలో ఒకే కోడ్ గల కార్డు రెండు మూడు రకాల అరుదుదనాలతో వస్తుంది. మ్యాజిక్‌లోనైతే 1993 నాటి లైట్నింగ్ బోల్ట్ వంటి కార్డు ఎన్నిసార్లు తిరిగి అచ్చయిందో లెక్కపెట్టడమే ఒక పని.

కాబట్టి చిట్టాలో ఒక కార్డుకు పేరు, సెట్టు, సంఖ్య, రకం, భాష అనే ఐదు వివరాలు తప్పనిసరిగా ఉండాలి. కింది పోలికలో నా మొదటి కొలబద్ద ఇదే: ఈ ఐదింటినీ ఏ సాధనం తప్పు లేకుండా నిలుపుతుంది?

నోటుబుక్కు

నోటుబుక్కును తీసిపారేయవలసిన పని లేదు. వందలోపు కార్డులు ఉన్న పిల్లలకు, ఫోను చేతికి ఇవ్వడం ఇష్టం లేని తల్లిదండ్రులకు ఇంతకంటే మంచి సాధనం లేదు. కోఠీలోనో బేగంబజారులోనో దొరికే గట్టి అట్ట లాంగ్ బుక్కులో గీతలు గీసి, ఒక్కో సెట్టుకు రెండేసి పేజీలు వదిలిపెడితే చాలు. చేత్తో రాసే పిల్లవాడు కార్డు అంచున ఉన్న సంఖ్యను కళ్ళతో చదవక తప్పదు. స్కాన్ చేసేవాడికి ఆ అవసరం రాదు. మా అక్క కొడుక్కి నకిలీని పసిగట్టడం ఆ తరువాత అబ్బింది ఈ రాతవల్లనే. సెట్టులో లేని సంఖ్య ఎదురైతే ఇప్పుడు వాడే ఆగిపోతాడు.

యాప్‌లకు అంతుపట్టని కార్డుల విషయంలోనూ నోటుబుక్కే గతి. ఎనభై, తొంభైలలో పెరిగినవారికి బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు గుర్తుండే ఉంటాయి. పరుగులు, వికెట్లు కూడబెట్టుకుంటూ వాటిని దాచుకున్న తరం మాది. అటువంటివి, పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు, చిప్స్ ప్యాకెట్లలో వచ్చిన బిళ్ళలు అమెరికా ధరల జాబితాలలో వెతికితే దొరకవు. వాటికి మార్కెట్ ధర అంటూ స్థిరంగా ఏదీ లేదు. ఎక్కడ సంపాదించారో, ఎవరితో మార్చుకున్నారో రాసిపెట్టుకోవడమే వాటి విలువను కాపాడే పని.

అయితే నోటుబుక్కులో కూడిక మీరే వేయాలి, ధర మారినప్పుడల్లా కొట్టివేసి మళ్ళీ రాయాలి, అమ్మేసిన కార్డు పేరు మీద గీత పడుతూ పోతే రెండేళ్ళకు పేజీ చదవడానికి వీలుకాకుండా తయారవుతుంది. రెండు వందల కార్డులు దాటాక నేను దీన్ని సూచించను.

గూగుల్ షీటు

పెద్దవారికి, ముఖ్యంగా కార్డుల మీద ఏటా కొన్ని వేలు ఖర్చుపెడుతున్నవారికి నా మొదటి సలహా ఇదే. ఖర్చు లేదు, ఫోనులోను కంప్యూటరులోను తెరుచుకుంటుంది, రేపు ఏ కంపెనీ మూతపడినా మీ జాబితాను మీరు దింపుకొని పెట్టుకోవచ్చు. పైన చెప్పిన ఐదు వివరాలతో పాటు కార్డు స్థితి, ఎన్ని ఉన్నాయి, కొన్న తేదీ, కొన్న ధర, బైండరు సంఖ్య, పేజీ సంఖ్య, ఇప్పటి ధర, ఆ ధర ఎక్కడిది, ఏ తేదీది అన్న గడులు పెట్టుకోండి. చివరి రెండింటినీ చాలామంది వదిలేస్తారు. తేదీ లేని ధర నిన్నటిదో నిరుడు చూసినదో చెప్పలేము కనుక అది ధర కిందికి రాదు.

కొన్న ధర అంటే కార్డు ధర ఒక్కటే కాదు. విదేశం నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, బ్యాంకు వేసే డాలరు మార్పిడి రుసుము కూడా దాని మీద పడతాయి. ఒకే పార్సెల్‌లో పది కార్డులు వస్తే ఈ అదనపు ఖర్చును వాటి ధరల నిష్పత్తిలో పంచి రాయడం మంచి పద్ధతి. ఈ పని నేను మొదటి ఏడాది చేయలేదు. ఏడాది చివర లాభం వచ్చిందనుకున్న కార్డులలో సగానికి పైగా, ఖర్చులు కలిపి చూస్తే, కొన్న ధర దగ్గరే నిలబడి ఉన్నాయి.

రూపాయలలో విలువ చూడడానికి గూగుల్ షీటులో ఒక సౌకర్యం ఉంది. గూగుల్ ఫైనాన్స్ అనే సూత్రాన్ని ఒక గడిలో పెడితే డాలరు–రూపాయి మారకపు రేటు దానంతటదే వచ్చి చేరుతుంది. మిగతా గడులన్నీ ఆ ఒక్క గడితో గుణించుకుంటాయి. రేటు మారిన కొద్దీ మొత్తం మారుతుంది గనుక, కార్డు ధర పెరిగిందా, రూపాయి తగ్గిందా అన్నది విడిగా తెలియాలంటే డాలరు ధరకు ఒక గడిని, రూపాయి విలువకు మరొక గడిని వేర్వేరుగా ఉంచాలి. సేకరణ విలువ పెరిగిందని సంబరపడిన సందర్భాలు కొన్నింటిలో కార్డు ధర కదలనే లేదని, రూపాయి మాత్రమే జారిందని ఈ రెండు గడులు పక్కపక్కన పెట్టుకున్నాక నాకు తెలిసింది.

షీటుకు ఉన్న లోపం శ్రమ. ఐదు వందల కార్డులను ఒక్కొక్కటిగా ఎక్కించడానికి మూడు నాలుగు ఆదివారాలు పడుతుంది. అందుకని అన్నింటినీ ఎక్కించవలసిన పని లేదని నేను అంటాను. విడిగా యాభై రూపాయలు కూడా పలకని మామూలు కార్డులను సెట్టువారీగా డబ్బాలలో వేసి, "151 మామూలువి, సుమారు 240, డబ్బా 2" అని ఒకే వరుసలో ముగించవచ్చు. ఐదు వందల రూపాయలు దాటిన కార్డు ప్రతిదానికీ ఒక వరుస, ముందువైపు, వెనుకవైపు ఫొటో ఉంటే సరిపోతుంది. ఏ గీత పెట్టుకోవాలన్నది మీ ఇష్టం గానీ, ఏదో ఒక గీత ఉండాలి; లేకపోతే ఆ పని మూడో ఆదివారమే ఆగిపోతుంది.

స్కాన్ చేసే యాప్‌లు

యాప్‌లన్నీ ఒకే కోవకు చెందినవి కావు. కలెక్టర్ (Collectr) అనే యాప్ పోకెమాన్, మ్యాజిక్, యు-గి-ఓ వంటి పలు ఆటల కార్డులను ఒకే చోట చూపిస్తుంది, మొత్తం విలువ పెరుగుదల తరుగుదలలను షేర్ల పట్టికలాగా గీతతో గీస్తుంది. డ్రాగన్ షీల్డ్ వారి కార్డ్ మేనేజర్ కూడా పలు ఆటలకు పనికివస్తుంది, ధరలను అమెరికా, ఐరోపా మార్కెట్ల నుంచి తెస్తుంది. మ్యానాబాక్స్ మ్యాజిక్ ఒక్కదానికే పరిమితం. మ్యాజిక్ ఆడేవారికి మాత్రం దాన్ని మించినది నాకు కనిపించలేదు. బైండర్లవారీగా విభజించుకోవచ్చు, జాబితాను ఫైలుగా బయటికి తీసుకోవచ్చు, మరొక చోటినుంచి లోపలికి తెచ్చుకోవచ్చు. మ్యాజిక్ కార్డుల ముద్రణలన్నింటినీ వెతకడానికి స్క్రైఫాల్ అనే వెబ్‌సైటు ఉంది, అది రోజుకొకసారి ధరలను సరిచేస్తుంది. మ్యాజిక్ సేకరణదారులకు ఈ విషయంలో మిగతావారికంటే అదృష్టం ఎక్కువ.

వేగంలో యాప్‌కు సాటి లేదు. మంచి వెలుతురు ఉంటే, కార్డును స్లీవ్‌లోంచి (ప్లాస్టిక్ తొడుగులోంచి) తీసి నల్లని గుడ్డ మీద పెడితే, గంటలో రెండు వందల కార్డులు ఎక్కించవచ్చు. కొత్త బాక్సు విప్పిన రాత్రి ఇంతకంటే హాయైన పద్ధతి మరొకటి లేదు. కానీ తప్పులు కూడా అదే వేగంతో లోపలికి వస్తాయి. మెరిసే కార్డు మీద ట్యూబ్‌లైటు పడితే రివర్స్ హోలోకూ (బొమ్మ చుట్టూ మెరిసే రకానికీ) మామూలుదానికీ తేడా పసిగట్టలేదు. పోకేబాల్ నమూనానూ మాస్టర్ బాల్ నమూనానూ కలిపేస్తుంది. జపనీస్ కార్డును ఇంగ్లీషు కార్డుగా, ఒకే చిత్రంతో తిరిగి అచ్చయిన కార్డును పాత ముద్రణగా నమోదు చేస్తుంది. స్థితి అడగకుండానే కార్డు కొత్తదానిలా ఉందని అనుకుంటుంది. నేను స్కాన్ చేసిన ప్రతి విడతలోను కనీసం కొన్నింటిని చేత్తో సరిదిద్దవలసి వచ్చింది, వాటిలో ఎక్కువ ఖరీదైన రకంగా పడినవే. నకిలీ సంగతి సరే సరి. అందువల్ల స్కాన్ చేసిన వెంటనే ధర ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి వరుస పెట్టించి, పైనున్న ఇరవై ముప్పై కార్డులను చేతిలో పట్టుకొని ఒక్కొక్కటిగా సరిచూడాలి. పది నిమిషాల ఈ పనివల్ల మొత్తంలో ఉన్న అబద్ధంలో అత్యధిక భాగం తొలగిపోతుంది.

యాప్ ఎంచుకునే ముందు నేను చూసేది ఒక్కటే: జాబితాను ఫైలుగా బయటికి ఇస్తుందా, ఇస్తే ఉచితంగానా డబ్బు కట్టాకనా? ఐదు వందల కార్డులు ఎక్కించాక ఈ ప్రశ్న వేసుకుంటే బేరమాడే వీలు ఉండదు. పది కార్డులు ఎక్కించి, ఫైలు బయటికి తీసి, షీటులో తెరిచి, సెట్టు, సంఖ్య, రకం, భాష అనే గడులు విడివిడిగా వస్తున్నాయో లేదో చూసిన తరువాతనే మిగతావి మొదలుపెట్టండి. కొన్నేళ్ళ కిందట నేను వాడిన ఒక చిన్న యాప్ చెప్పాపెట్టకుండా మాయమైపోయింది, దానితోపాటు నేను రాసుకున్న కొన్న ధరలన్నీ పోయాయి. ఇప్పటి ధరలు ఎక్కడైనా దొరుకుతాయి. ఏ కార్డును ఎంతకు కొన్నానన్నది మళ్ళీ ఎవరూ చెప్పలేరు.

ధర ఎక్కడిది?

మూడు సాధనాలలో ఏది వాడినా ధర బయటినుంచే రావాలి, ఆ బయట అన్నది మన దేశంలో లేదు. 2018లో ఈబే ఇండియా మూతపడిన తరువాత మన దగ్గర కార్డులు ఎంతకు అమ్ముడయ్యాయో అందరికీ కనిపించే నమోదు ఒక్కటీ లేకుండా పోయింది. హైదరాబాదులో అమ్మకాలు వాట్సాప్ గ్రూపులలో, ఇన్‌స్టాగ్రామ్‌లో, బోర్డ్ గేమ్ కెఫేల బల్లల దగ్గర, ఏడాదికొకసారి హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్ స్టాళ్ళ ముందు జరుగుతాయి. అడిగిన ధర అందరికీ కనిపిస్తుంది, కుదిరిన ధర ఇద్దరికే తెలుస్తుంది.

కనుక విదేశీ ధరల ఆధారాలను వాటి స్వభావం తెలిసి వాడుకోవాలి. టీసీజీప్లేయర్ అమెరికా మార్కెట్టు. 2022లో ఈబే దాన్ని కొనుక్కుంది. అందులో మార్కెట్ ప్రైస్ అని చూపేది తమ దగ్గర ఇటీవల జరిగిన అమ్మకాల ఆధారంగా కట్టిన ధర, పక్కన కనిపించే అతి తక్కువ ధర ఎవరో ఒకరు అడుగుతున్నది. చిట్టాలో మొదటిదే రాయాలి. కార్డ్‌మార్కెట్ ఐరోపా వారిది, యూరోలలో ఉంటుంది. ఒకే కార్డు పేజీలో ఇంగ్లీషు, జర్మన్, ఇటాలియన్ ముద్రణలు కలిసి ఉంటాయి గనుక ఇంగ్లీషు కార్డున్నవారికి అక్కడి సగటు కాస్త తక్కువగా కనిపించవచ్చు. ప్రైస్‌చార్టింగ్ ప్రధానంగా ఈబేలో ముగిసిన అమ్మకాలను క్రోడీకరిస్తుంది, గ్రేడ్ (స్థితిని పరీక్షించి సంస్థలు ఇచ్చే అంకె) లేని కార్డు ధరను, గ్రేడ్ చేసిన కార్డు ధరలను పక్కపక్కన చూపిస్తుంది. అరుదైన కార్డు విషయంలో వీటన్నిటినీ దాటి నేరుగా ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే వడపోత పెట్టి, గత మూడు నెలల అమ్మకాలలో చివరి ఐదింటిని చూసి, మధ్యలో ఉన్నదాన్ని రాసుకోవడం నా అలవాటు. ఎవరో అత్యాశతో పెట్టిన ధరను చూసి మురిసిపోయే ప్రమాదం అప్పుడు ఉండదు.

ఈ ధర మీ చేతికి వచ్చే డబ్బు కాదు. బంగారం కొన్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు: బోర్డు మీది రేటు ఒకటి, పాత నగ తిరిగి అమ్మబోయినప్పుడు తరుగు, మజూరీ పోను వచ్చేది మరొకటి. యాప్ చూపేది బోర్డు మీది రేటు. నలభై డాలర్ల కార్డు ఒకటి ఉందనుకుందాం. డాలరుకు 88 రూపాయల లెక్కన అది ₹3,520. దాన్ని ఇక్కడ అమ్మబోతే కొనేవాడు తక్కువకు అడుగుతాడు, వ్యాపారికి ఇస్తే ఇంకా తక్కువ, విదేశానికి అమ్మితే వేదిక రుసుము, రవాణా పోతాయి. నేను నా షీటులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు ₹2,350 అని మరొక గడిలో రాసుకుంటాను. ఇది నా జాగ్రత్త కోసం పెట్టుకున్న కొలత, నియమం కాదు. అందరూ వెతికే కార్డులకు, ముఖ్యంగా ఇక్కడ సరుకు కొరతగా ఉన్న వారాలలో, పూర్తి ధరా రావచ్చు, అంతకు మించీ రావచ్చు. కానీ అడిగేవాడు లేని పాత సెట్ల మధ్యస్థ ధర కార్డులకు సగం వచ్చినా సంతోషించాలి.

అందుకే షీటులో రెండో పుట ఒకటి తెరిచి, మీ కళ్ళ ముందు కుదిరిన స్థానిక బేరాలను తేదీతో సహా రాసుకొమ్మని అందరికీ చెబుతుంటాను. కార్డు, స్థితి, కుదిరిన రూపాయలు, ఆనాటి అమెరికా ధర అనే నాలుగు గడులు చాలు. ఏడాది తిరిగేసరికి ఆ పుట మీ ఊరి నిజమైన ధరల పట్టిక అవుతుంది, ఏ యాప్ దగ్గరా అది ఉండదు.

స్థితి, గ్రేడింగ్

అమెరికా ధరలు దాదాపు ఎప్పుడూ నియర్ మింట్, అంటే దాదాపు కొత్తదానిలాంటి స్థితికి చెప్పేవి. మూల తెల్లబడినా, వెనుక అంచు చెదిరినా కార్డు ఒక మెట్టు దిగుతుంది, ధరా దిగుతుంది. బడి సంచిలో తిరిగిన కార్డుకు నియర్ మింట్ ధర కట్టుకోవడం మన చిట్టాలలో తరచుగా కనిపించే రెండో అబద్ధం. పైగా మన ఊరి వాతావరణంలో స్థితి ఒకచోట నిలవదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలిలో తేమ పెరిగినప్పుడు కార్డులోని కాగితం తేమ పీల్చి సాగుతుంది, పైనున్న మెరుపు పొర సాగదు, హోలో కార్డు విల్లులా వంగుతుంది. గట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, కూలర్ గాలి తగలని గదిలో పెట్టడం అందరికీ తెలిసిన ఉపాయమే. దానితోపాటు ఏటా వానాకాలం వెళ్ళాక, దసరా సెలవుల్లో, ఖరీదైన కార్డులను తీసి చూసి స్థితి గడిని, దాని తేదీని సరిచేయాలి.

గ్రేడింగ్ చిట్టాకు ప్రత్యామ్నాయం కాదు, కానీ విలువ లెక్కను మార్చేస్తుంది. 1991లో మొదలైన పీఎస్‌ఏ, బెకెట్, 2020లో కార్డుల రంగంలోకి వచ్చిన సీజీసీ వంటి అమెరికా సంస్థలు కార్డును పరీక్షించి, 1 నుంచి 10 వరకు గ్రేడ్ ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేస్తాయి. దాని మీది ధ్రువీకరణ సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. ఆ సంఖ్యకు చిట్టాలో ప్రత్యేక గడి ఉండాలి, సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు తప్పక సరిచూడాలి. ఇక్కడినుంచి పంపితే రాకపోకల ఖర్చు, మధ్యవర్తి రుసుము, నెలల నిరీక్షణ కలుస్తాయి. నా లెక్క చాలా మొరటుది: పదికి బదులు తొమ్మిది వచ్చినా మొత్తం ఖర్చు తిరిగి వచ్చే కార్డునే పంపాలి. పది వస్తేనే గిట్టుబాటయ్యే కార్డును పంపడం లాటరీ టికెట్టు కొనడంతో సమానం. ఇక గ్రేడ్ చేయని కార్డుకు పీఎస్‌ఏ 10 ధర రాసుకునేవారికి నేను చెప్పేది ఏమీ లేదు.

ఏది ఎవరికి

పదేళ్ళ పిల్లవాడికి నోటుబుక్కు ఇవ్వండి, యాప్ తరువాత చూసుకోవచ్చు. మ్యాజిక్ మాత్రమే ఆడుతూ, డెక్కులు కట్టుకుంటూ, కార్డులు మార్చుకుంటూ ఉండేవారికి మ్యానాబాక్స్ ఒక్కటే సరిపోతుంది, నెలకొకసారి ఫైలు దింపుకుంటే చాలు. వారానికో ప్యాక్ విప్పే పోకెమాన్ అభిమానికి కలెక్టర్ వంటి యాప్‌తో మొదలుపెట్టి, ఖరీదైన వాటిని షీటుకు మార్చుకోవడం అనువుగా ఉంటుంది. నేను చేస్తున్నదీ అదే. యాభై వేలు దాటిన సేకరణ ఉన్నవారు షీటు లేకుండా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. పాత క్రికెట్, బబుల్‌గమ్ కార్డులున్నవారికి నోటుబుక్కో షీటో, దానితోపాటు ఫొటోలు తప్ప వేరే దారి లేదు. ధరలను రోజూ చూడవలసిన అవసరం అమ్మకం పెట్టినవారికే ఉంటుంది. మిగతావారికి మూడు నెలలకొకసారి చాలు, కొత్త సెట్టు వెలువడిన మొదటి రెండు వారాల ధరలనైతే అసలు రాసుకోకపోవడమే మేలు, ఎందుకంటే సరుకు మార్కెట్టులోకి పూర్తిగా రాకముందు పలికే ఆ ధరలు తరువాత చాలావరకు దిగుతాయి.

ఒక చిన్న పని ఈ మూడు పద్ధతులకూ వర్తిస్తుంది. ఐదు వేల రూపాయలు దాటిన కార్డుల జాబితాను, ప్రతి కార్డు ఏ బైండరులో ఏ పేజీలో ఉందో, ఎంతకు కొన్నారో, అమ్మవలసి వస్తే ఎవరిని అడగాలో సహా ఒక కాగితం మీద అచ్చు తీసి, బీరువాలో ఎల్‌ఐసీ బాండ్ల పక్కన పెట్టండి. మా ఇంట్లో ఆ కాగితం చూసేదాకా మా ఆవిడ ఆ బైండర్లను పాత పేపర్లవాడికి వేయవలసిన సామానులోనే లెక్కవేసింది.